మద్రాసు ఐస్‌హౌస్: గాలి చొరకూడని మేడకు కిటికీలు ఎలా వచ్చాయి

చెన్నై మెరీనా బీచి ఎదురుగా, ట్రిప్లికేన్ వైపు, గుండ్రటి ముఖంతో ఒక పాత మేడ ఉంది. బోర్డు మీద వివేకానందర్ ఇల్లం అని రాసి ఉంటుంది. ఆటో అతనికి ఆ పేరు చెబితే ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఐస్‌హౌస్ అంటే వెంటనే మీటరు తిప్పుతాడు. ఆ పేటకూ, అక్కడి పోలీస్ స్టేషన్‌కూ అదే పేరు. పక్కనుంచి పోయే డాక్టర్ బిసెంట్ రోడ్డు కూడా ఒకప్పుడు ఐస్‌హౌస్ రోడ్డే.

ఈ మేడ గురించి చాలామంది నోట వినే మాటలు కొన్ని కలగాపులగం అయిపోయాయి. అది ఐస్ ఫ్యాక్టరీ అనుకుంటారు. అక్కడ ఏనాడూ చిటికెడు ఐసు తయారు కాలేదు. వివేకానందుడు మంచు గిడ్డంగిలో బస చేశాడంటారు. ఆయన వచ్చేనాటికి మంచు పోయి అది ఒక వకీలుగారి బంగళా అయింది. మొదటినుంచీ రామకృష్ణ మఠం వారిదే అనుకుంటారు; మఠం అక్కడ ఓ పదేళ్లు ఉండి వెళ్లిపోయింది, మళ్లీ తొంభై ఏళ్లకు వచ్చింది. ఈ చిక్కుముడి విప్పాలంటే ఒక ప్రశ్న పట్టుకుంటే చాలు: ఈ గోడలు గాలినీ వేడినీ ఏం చేయాలని కట్టారు, తర్వాత వచ్చినవాళ్లకు ఏం కావలసివచ్చింది? ఈ మేడలో జరిగిన మార్పుల్లో చాలావాటికి జవాబు అక్కడే దొరుకుతుంది.

ముందు మంచు సంగతి. మద్రాసులో నీళ్లు గడ్డకట్టవు. ఉత్తరాదిన అలహాబాదు వైపు చలికాలపు రాత్రుల్లో ఐసు చేసేవారు. గోతిలో గడ్డి పరచి, దాని మీద లోతులేని మట్టి మూకుళ్లు వరసగా పెట్టి, వేలెడు నీళ్లు పోసి వదిలేసేవారు. మబ్బు లేని, గాలి ఆడని, పొడి రాత్రి అయితే నీటి పైభాగం తన వేడిని నేరుగా ఆకాశానికి వదిలేస్తుంది. కింది గడ్డి నేల వేడిని పైకి రానివ్వదు. గాలి వేడిమి సున్నా డిగ్రీల దాకా దిగకపోయినా తెల్లారేసరికి మూకుట్లో పల్చటి పలక కడుతుంది. మద్రాసులో ఈ పప్పులుడకవు. అక్కడి గాలిలో తేమ ఎక్కువ, ఆ తేమ దుప్పటిలా కప్పేసి వేడిని పైకి పోనివ్వదు. అందుకని డబ్బున్నవాళ్లు సురేకారం (తుపాకి మందులో కలిపే ఉప్పు) వాడుకున్నారు. నీళ్లలో సురేకారం వేస్తే, అది కరగడానికి చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. ఆ నీళ్లలో సీసా పెట్టి తిప్పుతూ ఉంటే లోపలిది చల్లబడుతుంది. నీళ్లు ఇగిరించి సురేకారాన్ని మళ్లీ వాడుకోవచ్చు. అయినా అది చల్లటి నీళ్ల దాకానే, ఐసు దాకా రాదు.

ఐసును భూగోళం అవతలి నుంచి మోసుకొచ్చి అమ్మవచ్చని పట్టుబట్టినవాడు బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్. 1806లో 130 టన్నుల మంచు మార్టినిక్ దీవికి పంపడంతో మొదలుపెట్టాడు. దాచే చోటు లేక అక్కడ సరుకు కరిగిపోయింది. మంచు వ్యాపారానికి ఓడకంటే ముందు గిడ్డంగి కావాలన్న పాఠం అతనికి అలా వంటబట్టింది. 1833 మే నెలలో టస్కనీ అనే ఓడలో 180 టన్నులు ఎక్కించి కలకత్తాకు పంపాడు. నాలుగు నెలలు, భూమధ్యరేఖ రెండుసార్లు దాటిన ప్రయాణం. సెప్టెంబరులో కలకత్తా చేరినప్పుడు ఇంకా దాదాపు 100 టన్నులు మిగిలింది. తర్వాత కలకత్తా, బొంబాయి, మద్రాసు మూడుచోట్లా మంచు గిడ్డంగులు లేచాయి. మద్రాసుది 1842 నాటిది. మూడింటిలో నేటికీ నిలిచింది ఇదొక్కటే.

నాలుగు నెలలు సముద్రం మీద ఉన్న మంచులో సగానికి పైగా ఎలా మిగిలిందన్నది తెలిస్తే గోడల సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఒక కిలో మంచును కరిగించడానికి పట్టే వేడితో కిలో చన్నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంటే మంచు కరగడానికి చాలా వేడి కావాలి. ఆ వేడి లోపలికి వచ్చే దారులు మూసేస్తే మంచు ఆగుతుంది. రెండో కిటుకు దిమ్మెలు పేర్చడంలో ఉంది. ఒక అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న దిమ్మె సుమారు 26 కిలోలు తూగుతుంది. దానికి ఆరు చదరపు అడుగుల ఒళ్లు గాలికి తగులుతుంది. అలాంటి వెయ్యి దిమ్మెలు విడివిడిగా ఉంటే ఆరు వేల చదరపు అడుగులు. అవే సందు లేకుండా పొడవునా, వెడల్పునా, ఎత్తునా పదేసి చొప్పున పేర్చి ఒకే ముద్ద చేస్తే ఆరు వందల చదరపు అడుగులే. గాలి తగిలే ముఖాల నుంచే కరుగుతుంది గనుక నష్టం పదో వంతుకు దిగుతుంది. అయితే సందు లేకుండా పేర్చాలంటే దిమ్మెలన్నీ ఒకే కొలతలో ఉండాలి. నథానియల్ వైయెత్ అనే అతను 1820ల్లో గుర్రం లాగే మంచు నాగలి చేశాక అది కుదిరింది. గడ్డకట్టిన చెరువు మీద చాళ్లు దున్నినట్టు నిలువుగా, అడ్డంగా గీతలు కోసి, గడ్డపారతో విరగ్గొట్టేవారు.

చుట్టూ కూరింది రంపపు పొట్టు. కలప మిల్లుల్లో పారేసే చెత్త. దాని మహిమంతా పొట్టు రేణువుల మధ్య ఇరుక్కున్న కదలని గాలిది. మన ఊళ్లలో ఐసు దిమ్మెను ఊకలో పొర్లించి గోనెసంచి కప్పి ఉంచడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదే సూత్రం. కానీ పొట్టు తడిస్తే గాలి ఉండే చోటంతా నీళ్లు చేరతాయి, నీళ్లు వేడిని గాలికంటే ఎన్నో రెట్లు సులువుగా మోస్తాయి. మంచు కరిగిన నీరు పోయే దారి లేకపోతే గోడ ఎంత మందమైనా ప్రయోజనం లేదు. ఐసు గిడ్డంగి పాడవడానికి పెద్ద కారణం గోడ పల్చన కావడం కాదు, తూము పూడుకుపోవడం. ఆ తూమును కూడా ఊరికే తెరిచి పెట్టకూడదు. చల్లటి గాలి బరువైనది, కింద కన్నం ఉంటే నీళ్లలాగే కారిపోయి, దాని స్థానంలో పైనుంచి వేడిగాలి దిగుతుంది. అందుకే తూములో ఒక వంపు పెట్టి అందులో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండేట్టు చేస్తారు. ఇప్పుడు వాష్ బేసిన్ కింద పైపుకు ఉండే వంపు లాంటిదే. నీరు పోతుంది, గాలి ఆడదు. సరుకు దించడానికి, తీయడానికి కూడా నేలమట్టం తలుపులకంటే ఎత్తున ఉండే తలుపులు మేలు. ఇక కిటికీలా? అసలు ఉండకూడదు.

గిడ్డంగిని సముద్రం ఒడ్డునే కట్టడానికి కారణం మద్రాసుకు రేవు లేకపోవడం. ఓడలు అల్లంత దూరాన లంగరు వేసేవి. అక్కడినుంచి మసూలా పడవలే దిక్కు. వీటిలో ఒక్క మేకు ఉండదు. చెక్కలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి, కుట్ల కింద సందుల్లో గడ్డి కూరతారు. వరసగా విరుచుకుపడే కెరటాల్లో మేకులు కొట్టిన పడవ ఇసుకకు తగిలితే పగులుతుంది. కుట్టు పడవ బుట్టలాగా వంగి మళ్లీ సర్దుకుంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవలలు లాగడానికి ఇటువంటి కుట్టు పడవలను నిన్నమొన్నటి దాకా వాడారు. అలాంటి పడవలో మంచు దిమ్మెలు ఒడ్డుకు చేరి, కూలీల మీద గిడ్డంగికి పోవాలి. లెక్క వేసి చూస్తే, ఏ కప్పూ లేని 26 కిలోల దిమ్మె మద్రాసు ఎండలో గంటకు రెండున్నర, మూడు కిలోల దాకా కరుగుతుంది. నాలుగు నెలలు పదిలంగా వచ్చిన సరుకులో పదో వంతు ఆఖరి గంటలో పోతుందన్నమాట. ఒడ్డుకూ గిడ్డంగికీ మధ్య ప్రతి గజమూ డబ్బే. ఈ మేడ చోటును ఎంచింది సముద్రం అందం చూసి కాదు.

1874లో మద్రాసులోనే ఇంటర్నేషనల్ ఐస్ కంపెనీ ఆవిరి యంత్రాలతో ఐసు చేయడం మొదలుపెట్టింది. ఏ రోజుకు కావలసింది ఆ రోజు చేసుకునే వాడి ముందు, నాలుగు నెలల ముందే ఊహించి పంపాల్సినవాడు నిలవలేడు. ట్యూడర్ 1864లోనే పోయాడు. 1880 నాటికి అమెరికా మంచు వ్యాపారం మద్రాసులో మూతపడింది.

అదే కాలంలో గిడ్డంగి ఎదుటి సముద్రం కూడా వెనక్కి పోవడం మొదలైంది. ఈ సంగతి ఐస్‌హౌస్ కథలో ఎవరూ పెద్దగా చెప్పరు గాని, నా దృష్టిలో ఇది చాలా ముఖ్యం. మన తూర్పు తీరంలో నైరుతి కాలపు అలలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య కాలపు అలలు కొంత దక్షిణానికి తోస్తాయి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1870ల్లో మద్రాసు రేవు గోడలు సముద్రంలోకి చొచ్చుకుపోయేసరికి ఉత్తరానికి నడిచే ఇసుక దక్షిణం గోడ దగ్గర ఆగిపోయింది. 1881 నవంబరు తుపాను ఆ గోడలను పగలగొట్టింది, మళ్లీ కట్టారు; ఇసుక మాత్రం పేరుకుంటూనే వచ్చింది. దక్షిణాన మెరీనా పెరిగింది, ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు వైపు ఒడ్డు కోసుకుపోయింది. 1880ల మధ్యలో గవర్నరు గ్రాంట్ డఫ్ ఆ కొత్త ఒడ్డున విహార మార్గం వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. విశాఖలోనూ ఇదే సమస్య. 1933లో రేవు తెరిచినప్పుడు పాత ఓడలు రెండింటిని ముంచి అడ్డుకట్టగా చేశారు. ఆ చాటున చేరే ఇసుకను తవ్వి ఉత్తరపు ఒడ్డుకు పంపకపోతే బీచి కోతకు గురవుతుంది. మొత్తానికి కెరటాల అంచున పుట్టిన మంచు గిడ్డంగికి ముందు షికారు రోడ్డు, దాని అవతల విశాలమైన ఇసుక మైదానం వచ్చాయి. ఒకప్పటి సరుకు దిగే చోటు ఊళ్లోకెల్లా మంచి గాలి వీచే చోటైంది. గిడ్డంగిని కొని ఇల్లు చేసుకోవాలన్న ఆలోచన రావడానికి ఇది కూడా కారణమే అనుకుంటాను.

కొన్నవారు మద్రాసు హైకోర్టు వకీలు బిలిగిరి అయ్యంగార్. తన స్నేహితుడైన జడ్జి కెర్నన్ పేరు మీద మేడకు కెర్నన్ కాజిల్ అని పేరు పెట్టి, కిటికీలు తెరిపించి, గుండ్రంగా వరండాలు కట్టించారు. చదువుకునే పేద కుర్రవాళ్లకు కొంత భాగం వదిలారు.

వినడానికి సులువు. కానీ మందపు ఇటుక గోడకు కిటికీ కోయడం చిన్న పని కాదు. కన్నం మీద ఉన్న గోడ బరువు ఎక్కడికి పోవాలి అన్నది ముందు తేల్చుకోవాలి. కోయబోయే చోటికి పైన గోడకు ఆరుపారగా దుంగలు దూర్చి, రెండు పక్కలా ఊతకర్రలు నిలిపి, ముందు కమానో అడ్డ దిమ్మో కట్టి, సున్నం గట్టిపడ్డాకే కింద ఇటుకలు తీయాలి. ఒక కిటికీ పూర్తయ్యాక గాని పక్కది మొదలెట్టకూడదు. రెండు కిటికీల మధ్య మిగిలే గోడ కిటికీ వెడల్పుకంటే తక్కువ కాకుండా చూసుకోవాలి. తొందరపడితే కమాను మూలల నుంచి పైకి ఏటవాలుగా బీటలు వస్తాయి.

అంత చేసినా ఇల్లు చల్లబడుతుందని నమ్మకం లేదు. మంచును కాపాడిన మందపు గోడ మనిషికి రాత్రిపూట శత్రువు. పగలంతా తాగిన వేడిని రాత్రి మెల్లగా లోపలికి వదులుతుంది. రాజస్థాన్ లాంటి పొడి ఎడారిలో రాత్రి చల్లగాలి ఆ వేడిని లాగేస్తుంది. మద్రాసులో పగటికీ రాత్రికీ తేడా తక్కువ, పైగా ఉక్క. ఒంటి చెమట ఆరాలంటే గాలి కదలాలి. ఎండాకాలంలో పొద్దున్న పడమటి వేడిగాలి వీస్తుంది, మధ్యాహ్నానికి సముద్రపు గాలి మళ్లుతుంది. ఆ గాలి ఏ రోజు ఆలస్యమైతే ఆ రోజు ఊరు ఉడికిపోతుంది. తూర్పున కిటికీ పెట్టినంత మాత్రాన అది లోపలికి రాదు, పడమట బయటికి పోయే దారి అంత పెద్దదే ఉండాలి. వరండా నడినెత్తి ఎండనూ వాననూ ఆపుతుంది, కానీ పొద్దున్న ఏడింటికి సముద్రం మీదినుంచి అడ్డంగా వచ్చే ఎండకు తడకలు దించాల్సిందే. గిడ్డంగిగా పుట్టిన మేడలో ఇవన్నీ పూర్తిగా కుదరవు. మేడ ఉక్కగా ఉంటుందన్న మాట తర్వాత కూడా పోలేదు.

1897 ఫిబ్రవరి 6న పడమటి దేశాల నుంచి తిరిగొస్తున్న వివేకానందుడు మద్రాసులో దిగి, 14 దాకా ఈ కెర్నన్ కాజిల్‌లోనే ఉన్నారు. ఊరి మధ్య ఇరుకు వీధులకంటే ఎదుట బీచి ఉన్న ఈ మేడ గుంపులు చేరడానికి వీలైన చోటు. మద్రాసు భక్తులు ఒక మఠం కావాలని కోరితే, ఆయన తన గురుభాయి, అంటే ఒకే గురువు శిష్యుడైన రామకృష్ణానందను పంపారు. ఆయన ఆ ఏడాదే వచ్చి, మొదట దగ్గర్లోని మరో ఇంట్లో కొంతకాలం గడిపి, తర్వాత ఐస్‌హౌస్‌కు మారారు. దక్షిణ భారతంలో రామకృష్ణ మఠం పని మొదలైంది అలా. ఉక్కపోత రాత్రుల్లో రామకృష్ణానంద నిద్రలేచి గురువుగారి పటానికి విసనకర్రతో విసిరేవారని ఆయన చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. భక్తి ఎంతటిదో, మద్రాసు ఉక్క ఎలాంటిదో రెండూ అందులో కనిపిస్తాయి. 1902లో అయ్యంగార్ పోయారు. 1906లో మేడ వేలానికి వచ్చింది. 1907లో మఠం మైలాపూరులో సొంత చోటికి వెళ్లింది.

1917లో మేడ ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ తర్వాత ఇక్కడ నడిచిన పని, ఈ మేడ చూసిన అన్నింటిలోకీ పెద్దది అని నేను అనుకుంటాను. సిస్టర్ సుబ్బలక్ష్మి పదకొండు పన్నెండేళ్లకే వైధవ్యం పొందిన పిల్ల. 1911లో ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. పూర్తిచేసి, తనలాంటి బాల వితంతువుల కోసం హాస్టలు మొదలుపెట్టారు. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు వితంతు వివాహంతో మొదలెట్టిన పనికి, ఈవిడది వేరే దారి: ముందు చదువు, ఆపై టీచరు ఉద్యోగం, తన కాళ్ల మీద తాను నిలబడటం. ఆడపిల్లల బళ్లకు ఆడ టీచర్లు దొరకని కాలం అది. ఇంట్లో ఓ మూల కూర్చోబెట్టిన పిల్లే ఆ కొరత తీర్చగలదని ఆవిడ గుర్తించారు, విద్యాశాఖలో మిస్ లించ్ అనే ఐరిష్ అధికారి తోడు నిలిచారు. ఆ హాస్టలుకు ఐస్‌హౌస్ చోటైంది.

ఎందుకు ఇదే మేడ? గిడ్డంగిగా ఉన్న లోపాలే ఇక్కడ పనికొచ్చాయి. మందపు గోడలు, ఇళ్ల వరసకు కాస్త ఎడంగా ఉండటం, పక్కింటి కిటికీలోంచి ఎవరూ తొంగిచూడలేకపోవడం. పిల్లను పంపాలా వద్దా అని తటపటాయించే తండ్రికి ఇవన్నీ కావలసినవే. వీధిలో ఎదురొస్తే అపశకునమని ముఖం తిప్పుకునే ఊళ్లో, గేటు దాటితే ఇసుకే. 1922లో పక్కనే వచ్చిన లేడీ విల్లింగ్డన్ ట్రైనింగ్ కాలేజీకి సుబ్బలక్ష్మిగారే ప్రిన్సిపాల్. అంటే హాస్టలు నుంచి టీచరు చదువుకు కొద్ది అడుగుల దూరం. తర్వాతి ఏళ్లలో మేడ శిక్షణలో ఉన్న టీచర్ల హాస్టలుగా కొనసాగింది. వివేకానందుని శతజయంతి 1963లో మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం వివేకానందర్ ఇల్లం అని పేరు మార్చింది. 1997లో, ఆయన బస చేసి నూరేళ్లైన సందర్భంగా, మేడను రామకృష్ణ మఠానికి లీజుకిచ్చారు. 1999 డిసెంబరు 20న అక్కడ శాశ్వత ప్రదర్శన తెరిచారు. ఆయన ఉన్న గది ఇప్పుడు ధ్యాన మందిరం.

ప్రదర్శన చూసి వచ్చేవాళ్లకు వితంతు హాస్టలు సంగతి, మంచు సంగతి చివర్లో రెండు ముక్కల్లో ముగిసిపోవడం నాకు బాధగా ఉంటుంది. అవి కూడా అదే గోడలు మోసినవి.

గోడల మాట వచ్చింది కాబట్టి, సముద్రం పక్కన ఇలాంటి సున్నపు మేడలను నిలబెట్టేవారికి పనికొచ్చే సంగతి ఒకటి. ఉప్పు గాలితో, చెమ్మతో గోడలోకి చేరిన ఉప్పు, గోడ ఆరినప్పుడు గట్టిపడి ఉబ్బుతుంది. పూత పొక్కి రాలుతుంది. చూసేవాళ్లు వెంటనే సిమెంటు పూత వేయిస్తారు. పాత ఇటుక, సున్నం ఊపిరి పీలుస్తాయి. సిమెంటు చెమ్మను లోపలే బిగిస్తుంది. ఉప్పు అప్పుడు పూతను వదిలి ఇటుకనే తినేస్తుంది, కొన్నేళ్లకు సిమెంటు పెచ్చుతో పాటు ఇటుక ముఖమూ ఊడుతుంది. సరైన దారి ఓపికది. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో ముందు ఆపాలి: పైకప్పు నీటి గొట్టం, పునాది దగ్గర నిలిచే నీరు. పాత పూత తీసేసి, మంచినీళ్లలో నానిన కాగితపు గుజ్జును గోడకు పట్టించి, అది ఆరేలోగా ఉప్పును పీల్చుకోనిచ్చి తీసేయాలి. రెండు మూడుసార్లు చేయాలి. ఆపైన ఒక పాలు బాగా నానిన సున్నానికి రెండు మూడు పాళ్లు జల్లించిన ఏటి ఇసుక, గానుగలో తిప్పి, పల్చటి పూతలుగా వేసి తడుపుతూ ఉండాలి. బీచి ఇసుక ఎంత దగ్గర్లో ఉన్నా ముట్టకూడదు. గోడలో దాగిన ఇనుప కడ్డీలు తుప్పుపట్టి లావై గోడను చీల్చుతాయి కాబట్టి, దొరికినవి దొరికినట్టు తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టుకోవడం మేలు.

అక్కడికి వెళ్లినప్పుడు ముందు రోడ్డు అవతల ఇసుక అంచున నిలబడి గుండ్రటి ముఖాన్ని చూడండి. సముద్రం మీ వెనక ఎంత దూరంలో ఉందో గమనించండి. 1842లో అది ఇంత దూరం లేదు. తర్వాత లోపలికి వెళ్లి ఏదైనా కిటికీ అంచున చేయి పెట్టి గోడ మందం కొలవండి. చేతికి తగిలే ఆ మందం మంచు కోసం, మధ్యలో ఉన్న ఖాళీ మనుషుల కోసం.